మొదటి ఓడ దోనీయే కావాలి

చెక్కతో నమూనా ఓడ కట్టాలన్న సరదా పుట్టగానే చాలామంది కళ్లు బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ‘విక్టరీ’ మీద పడతాయి. 1765లో నీళ్లలోకి దిగిన ఆ యుద్ధనౌకకు మూడు తెరచాప కొయ్యలు, 104 ఫిరంగులు, చూస్తే కళ్లు తిరిగేటన్ని తాళ్లు. కొత్తవాళ్లు మొదలెట్టిన అలాంటి ఓడలు ఎక్కువగా అటకమీదే లంగరు వేస్తాయి.

మన ఖరగ్‌పూర్‌లోని ఖరిదా పేటలో పనితనానికి కొదవలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకి వచ్చిన కుటుంబాలవి. ఉలి, చిత్రిక, కొలబద్ద ఏ ఇంట్లోనో ఒక తాతగారి పెట్టెలో దొరుకుతాయి. ఆ తాతలు వదిలి వచ్చిన తీరంలోనే మొదటి ప్రయత్నానికి అచ్చంగా సరిపోయే ఓడ ఉంది, దోనీ. శాతవాహనుల నాణెం మీది రెండు కొయ్యల ఓడ ఇంకా అందమైనదే. కానీ నాణెం కొలతలు చెప్పదు.

దోనీ కొలతలు చెప్పినవాడు జాన్ ఎడై. ట్రింకోమలీలో బ్రిటిష్ నౌకాదళం వారి ఓడల మేస్త్రీగా పనిచేసిన ఇతను, 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మన తీరపు ఓడల గురించి రాశాడు. దోనీ పొడవు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు చదునుగా, మధ్యలో 7 అడుగుల వెడల్పుంటుంది. రెండు కొనల దగ్గరా 10 అంగుళాలకు సన్నబడుతుంది. ఉన్నది ఒకటే కొయ్య. ఓడ అందచందాలు ఎడైకి నచ్చలేదు, వికారంగా ఉందన్నాడు. మనకు మాత్రం ఆ వికారమే వరం. ముందు సగం, వెనక సగం ఒకే ఆకారం కాబట్టి అట్టమీద సగం ఓడ గీసుకుంటే మొత్తం గీసినట్టే.

అడుగుకి పావు అంగుళం చొప్పున తీసుకుంటే నమూనా పదిహేడున్నర అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల లోతు వస్తుంది. బల్లమీద హాయిగా పడుతుంది. ప్లైవుడ్‌తో అడుగుపలక, దానిమీద నిలువుగా అడ్డుపలకలు. పైన కప్పే పట్టీలకు గుమ్మడిటేకు మేలు. చెక్కడానికి మెత్తన, చీలడం తక్కువ. అడ్డుపలకల అంచుల్ని ఓడ వంపుకి తగ్గట్టు ఏటవాలుగా అరగదీయడం మానేస్తే పట్టీ అంచుమీద మాత్రమే ఆని, జిగురు పట్టదు.

అసలు చిక్కు పట్టీల దగ్గరే. ఓడ పక్క మధ్యలో లావు, కొనల్లో సన్నం. మధ్యలో అడుగు నుంచి పైఅంచు దాకా కాగితం పట్టీతో కొలిస్తే 90 మిల్లీమీటర్లు, కొన దగ్గర 75 వచ్చిందనుకుందాం. 6 మిల్లీమీటర్ల పట్టీలు మధ్యలో 15 పడతాయి. అవే 15 కొనలో ఇమడాలంటే ఒక్కొక్కటీ 5 మిల్లీమీటర్లకు చెక్కుకోవాలి. కొత్తవాళ్లు ఈ లెక్క వదిలేసి పట్టీల్ని ఉన్నవున్నట్టు అతికిస్తారు. సగం దూరం వెళ్లేసరికి పట్టీలు పైకి ఎగబాకి, చివర్లో ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. పట్టీని వేడినీళ్లలో నాననిచ్చి, వంపు తిప్పి, పిన్నులతో బిగించి, ఆరాకే ఫెవికాల్ పెట్టాలి. ఎడమకొకటి, కుడికొకటి వేసుకుంటూ పోవాలి. ఒకపక్కంతా ముందే పూర్తిచేస్తే అడుగుపలక మెలితిరుగుతుంది. ఉప్పుకాగితం పని చివర్న, నారవెంటే.

ఊళ్లోనే ఉన్న ఐఐటీలో నౌకానిర్మాణ విభాగం ఉంది. నీటితొట్టిలో నమూనా ఓడను లాగి, నీరు దాన్ని ఎంత గట్టిగా అడ్డుకుంటుందో కొలిచేది ఈ విద్యలోనే. అంటే ఈ బొమ్మల పని పిల్లల కాలక్షేపమేమీ కాదు.

ఎడై మరో సంగతి చెప్పాడు. దోనీ సరంగులు చిన్న చతురస్రపు పలకకు మధ్యలో ముడులున్న తాడు కట్టేవారట. పలక పైఅంచు ధ్రువనక్షత్రాన్ని, కిందిఅంచు దిగంతాన్ని తాకేలా పట్టుకుని తాడును ముక్కుకొన దాకా లాగితే, ముక్కుకు తగిలిన ముడే అక్షాంశం. ఓడతోపాటు ఇదీ చేసుకోవచ్చు. 10 సెంటీమీటర్ల పలకైతే కోరంగి రేవు ముడి సుమారు 34 సెంటీమీటర్ల దగ్గర, ఖరగ్‌పూర్ ముడి సుమారు 25 దగ్గర పడతాయి. పరీక్షించాలంటే ఖరిదా మేడలు పనికిరావు, ఉత్తరాన చెట్టూ పుట్టా అడ్డులేని పొలంగట్టు వెతుక్కోవాలి.