కప్పు మీద కడ్డీ, డిస్కు లోపలి లెక్క

భూపాలపల్లి కేటీకే భూగర్భ బొగ్గు గనుల్లో భద్రత తనిఖీ చేసే సర్దార్ పైకప్పును కడ్డీతో తట్టి చూస్తాడు. ఖంగున మోగితే రాయి గట్టిది, డొల్లగా మోగితే పొర విడిపోయింది. చెవి చాలనప్పుడు ఒక చేత్తో తడుతూ రెండో అరచేతిని కప్పుకు ఆనించి అదురు పట్టుకుంటాడు. బాయి పని తెలిసిన ఇళ్లలో ఇది కొత్తగా చెప్పే విద్య కాదు. దీనికి తోడబుట్టిన విద్య సర్వర్ గదుల్లో ఉంది: డిస్కులనూ వాటిని నడిపే కంట్రోలర్‌నూ చెడకముందే పరీక్షించడం. జనగామ రైతు భూమి వివరాలైనా, మహబూబాబాద్ విద్యార్థి ఆదాయ ధ్రువపత్రమైనా ఏదో ఒక డిస్కు మీదే ఉంటాయి గనుక ఈ విద్య కూడా మన సంగతే.

కప్పు తనంతట తాను సాక్ష్యం చెప్పదు, తట్టి చెప్పించాలి. డిస్కు అలా కాదు, తన లెక్క తానే రాసుకుంటుంది. 1990లలో స్థిరపడిన స్మార్ట్ పద్ధతిలో ఎన్ని సెక్టార్లు, అంటే సమాచారం దాచే చిన్న గడులు, పాడై వేరేచోటికి మారాయో, ఎన్ని చదవనివ్వక మొరాయిస్తున్నాయో డిస్కులోనే నమోదవుతుంది. చిన్న పరీక్ష రెండు మూడు నిమిషాలది. పెద్దది డిస్కు మొత్తాన్ని చదువుతుంది, గంటలు పడుతుంది. అయితే పలు డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కంట్రోలర్ వెనకున్న డిస్కులన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక్కటిగానే కనబడతాయి. అందుకే కంట్రోలర్ ద్వారా ఒక్కొక్క డిస్కునూ విడిగా అడగాలి.

గనిలో వదులైంది కప్పా, దాన్ని మోసే దిమ్మెనా అని సర్దార్ వేరుచేసి చూస్తాడు. అలాగే సర్వర్ దగ్గర తప్పు డిస్కుదా, కేబుల్‌దా, కంట్రోలర్‌దా అని వేరుచేయాలి. సెక్టార్లు మారుతుంటే డిస్కునే అనుమానించాలి. సమాచారం దారిలో చెడిందని చెప్పే సీఆర్‌సీ తప్పులు పెరుగుతుంటే ముందు కేబుల్‌ను చూడాలి. కంట్రోలర్ తాత్కాలిక నిల్వ అయిన క్యాష్‌కు దన్నుగా ఉండే బ్యాటరీ బలహీనపడితే, డిస్కులన్నీ బాగున్నా రాత నెమ్మదిస్తుంది. ఇది తేల్చకుండా డిస్కు మార్చేస్తే ఖర్చూ అవుతుంది, జబ్బూ మిగులుతుంది.

రెండు పరీక్షలకూ హద్దులున్నాయి. పొర చాలా ఎత్తులో విడిపోతే కడ్డీ మోతకు అందదు. అలాగే డిస్కు లెక్క నిర్మలంగా ఉన్నంత మాత్రాన అది బతుకుతుందనే హామీ లేదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, విఫలమైన వాటిలో 56 శాతానికి పైగా డిస్కులు నాలుగు బలమైన స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ చూపలేదు. అయితే అదే అధ్యయనం ఇంకో మాట కూడా తేల్చింది: స్కాన్‌లో మొదటి తప్పు కనబడిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో విఫలమయ్యే అవకాశం, తప్పులేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు. కాబట్టి చెడు కబురును వెంటనే నమ్మాలి, మంచి కబురును నమ్మి నిద్రపోకూడదు.

ఈ రెండు విద్యలూ బాగా దగ్గరయ్యేది బరువు మారే వేళ. కప్పును మోసే బొగ్గు స్తంభాలను తీసే డీపిల్లరింగ్‌లో ఒక స్తంభం తీస్తే దాని బరువు పక్క స్తంభాల మీద పడుతుంది. ఒక్క డిస్కు నష్టాన్నే తట్టుకునే ఐదో రకం రెయిడ్‌లో ఒక డిస్కు పోతే, కొత్తదాన్ని నింపడానికి మిగిలిన డిస్కులన్నిటినీ మొదటినుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది. ఏళ్లుగా ఎవరూ తాకని మూల ఒక సెక్టారు పాడై ఉంటే అప్పుడే బయటపడుతుంది, అప్పటికి ఆదుకునే అదనపు డిస్కు ఉండదు. అందుకే కంట్రోలర్‌లో ప్యాట్రోల్ రీడ్ అనే నిత్య పహారా ఉంది. పని లేని వేళ అన్ని డిస్కులనూ నెమ్మదిగా చదివి లోపాన్ని ముందే పట్టుకుంటుంది. గనుల్లో కప్పు దిగుడును కొలిచే పరికరాలూ ఆ పనే చేస్తాయి.

సర్దార్ దన్ను ఉన్న కప్పు కింద నిలబడి, దన్ను లేని కప్పును తడతాడు. సర్వర్ మనిషి కూడా బ్యాకప్ చేతిలో ఉంచుకునే పరీక్ష మొదలుపెట్టాలి, ఎందుకంటే రాసి చూసే పరీక్షలు ఉన్న సమాచారాన్ని చెరిపేయవచ్చు. పహారా మానకుండా సాగడంలో కంట్రోలర్ మెరుగు. చూసింది కాగితం మీద పెట్టి సంతకం చేయడంలో గని మెరుగు: సర్దార్ తనిఖీ రిపోర్టు రాసి తీరాలి, తర్వాతి షిఫ్టు దాన్ని చదువుతుంది. మన జిల్లాల్లో సర్వర్ పెట్టుకున్న ప్రతి ఆఫీసూ, ఆసుపత్రీ, కాలేజీ ఈ రెండు గుణాలనూ తెచ్చుకోవాలి: ఆగని పహారా, దాని ఫలితాన్ని రాసి సంతకం చేసే ఒక మనిషి.