హాజరుపట్టీలో ప్రతి పేరుకీ ఒక మాట

అమెరికా హైస్కూళ్ళలో చదువుల ఏడాది ముగింపుకొచ్చేసరికి పిల్లల చేతుల్లో గట్టి అట్టతో, బరువుగా ఒక పుస్తకం కనిపిస్తుంది. అదే ఇయర్‌బుక్. ఆ ఏడాది బడిలో చదివిన పిల్లల ఫొటోలు, ఆడిన ఆటలు, వేసిన నాటకాలు అన్నీ అందులో ఉంటాయి. పుస్తకం చేతికి రాగానే చాలామంది వెనక పేజీల్లోని సూచిక తీసి తమ పేరు వెతుక్కుంటారు. పేరు పక్కన ఒకే ఒక్క పేజీ నంబరుంటే, అది తరగతి ఫొటోల వరసలో ఉన్న పోస్టేజి స్టాంపంత బొమ్మ. రెండోది, మూడోది కూడా ఉన్నాయంటే, తోటి విద్యార్థి ఎవరో వచ్చి పక్కన కూర్చుని తనని మాట్లాడించాడన్నమాట. ఈ పుస్తకానికి ప్రాణం ఆ మాటల్లోనే ఉందని నా నమ్మకం.

ఇయర్‌బుక్ మొదలైంది మాత్రం ముఖాలతోనే. 1806లో యేల్ కాలేజీలో చదువు ముగించిన విద్యార్థుల నీడబొమ్మలతో వచ్చిన పుస్తకాన్ని మొట్టమొదటి ఇయర్‌బుక్‌గా చెబుతారు. 1860ల నాటికి ఒకే నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీసే వీలు వచ్చింది. బోస్టన్ ఫొటోగ్రాఫర్ జార్జ్ వారెన్ కాలేజీ కుర్రాళ్ళకు ఫొటోలు తీసి అమ్మేవాడు, వాళ్ళు తోటివాళ్ళ బొమ్మలు కొనుక్కుని ఆల్బమ్‌గా కుట్టించుకునేవారు. ఆ తర్వాత అచ్చులో ఫొటోలు వేయడం చవకై, ఈ అలవాటు హైస్కూళ్ళకూ పాకింది. విద్యార్థుల ప్రచురణలకు మెరుగులు దిద్దడానికి 1921లో నేషనల్ స్కొలాస్టిక్ ప్రెస్ అసోసియేషన్, 1925లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మరో సంఘం ఏర్పడ్డాయి. పిల్లల పని పత్రికా రచన స్థాయిలో ఉండాలన్న పట్టింపు అక్కడ బలంగా నాటుకుంది.

ఇయర్‌బుక్ చాలా బడుల్లో ఒక పాఠ్యాంశం. రోజూ ఒక పీరియడ్, ఒక సలహాదారు టీచరు, పేజీల వారీగా గడువులు ఉంటాయి. పుస్తకం తయారుచేసే విద్యార్థుల బృందానికి ఎదురయ్యే మొదటి చిక్కు, ఎవరిని ఇంటర్వ్యూ చేయాలన్నది. తమకు తెలిసినవాళ్ళ దగ్గరికే కాళ్ళు వెళతాయి. అలా వదిలేస్తే ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, విద్యార్థి నాయకులు, బృందంలోని వాళ్ళ స్నేహితులే పుస్తకమంతా నిండిపోతారు. అందుకని మంచి బృందాలు బడి జాబితా మొత్తం దగ్గర పెట్టుకుని, పుస్తకంలోకి వచ్చిన పేరు పక్కనల్లా టిక్కు పెడతాయి. ప్రతి విద్యార్థీ కనీసం మూడు చోట్ల కనిపించాలన్నది చాలామంది పెట్టుకునే లక్ష్యం. రెండు వేలమంది ఉన్న బడిలో అది సాధించడానికి ఎంత తిరగాలో ఊహించుకోండి.

ఇక అసలు విద్య, అడగడంలో ఉంది. తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. ఏ ఆటా ఆడడు, ఏ క్లబ్బులోనూ లేడు. ‘ఈ ఏడాది ఎలా గడిచింది?’ అంటే ‘బాగానే’ అంటాడు. ‘ఏ సబ్జెక్టు ఇష్టం?’ అంటే ‘సైన్స్’. అక్కడితో మాట ఆగిపోతుంది. ‘నిన్న బడి వదిలాక ఇల్లు చేరేదాకా ఏం జరిగిందో చెప్పు’ అని అడిగి చూడండి. కాసేపు ఆలోచిస్తాడు. బస్సులో తనదే ఆఖరి స్టాపని, చివర్లో తనూ డ్రైవరూ తప్ప ఎవరూ మిగలరని, అప్పుడు రేడియోలో ఏం పెట్టాలో డ్రైవరు తననే అడుగుతాడని మెల్లగా బయటికొస్తుంది. అడిగేవాళ్ళు కాగితం మీది తర్వాతి ప్రశ్నకు పరుగెత్తకుండా అక్కడే నిలబడాలి. ‘నిన్న ఏం పెట్టమన్నావు?’ తాత వినే పాత పాటలని జవాబొస్తుంది. ‘తాత ఎక్కడుంటారు?’ ఇప్పుడు ఆ కుర్రాడు నిజంగా మాట్లాడుతున్నాడు.

అవును, కాదు అనే జవాబొచ్చే ప్రశ్నలు అడగకూడదు. అవతలివాళ్ళు ఆగినప్పుడు ఆ మౌనాన్ని మనం పూరించకూడదు, మంచి మాటల్లో సగం ఆ తర్వాతే వస్తాయి. ఫోన్‌లో మెసేజ్ పెట్టి జవాబు తెప్పించుకోవద్దని సలహాదారులు గట్టిగా చెబుతారు. టైపు చేసిన జవాబులో గొంతు ఉండదు. విన్న మాట విన్నట్టే రాసుకోవాలి. పది నిమిషాల సంభాషణ లోంచి చివరికి అచ్చయ్యేది రెండు వాక్యాలే కావచ్చు. ఫొటో కింది వ్యాఖ్యకు కూడా ఒక పద్ధతుంది. మొదటి వాక్యం బొమ్మలో జరుగుతున్నదాన్ని వర్తమానంలో చెబుతుంది, రెండోది వెనకటి సంగతిని భూతకాలంలో చెబుతుంది, మూడోది ఆ బొమ్మలోని మనిషి మాట.

పేరు అక్షరం అక్షరం ఆ మనిషినే అడిగి రాసుకోవడం మరో నియమం. అమెరికాలోని మన పిల్లలకు ఇది చాలా ముఖ్యం. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, చివర రాసేది అమెరికన్లది. పాస్‌పోర్టులో ఆ రెండూ తారుమారైతే సూచికలో ఆ పిల్ల తనకే తెలియని అక్షరం కింద చేరుతుంది. అడిగినవాళ్ళు ‘నిన్ను ఏమని పిలవాలి?’ అన్న ఒక్క ప్రశ్న వేస్తే ఆ పొరపాటు జరగదు.

ఇంటి సంగతులు చెప్పినప్పుడు మరింత జాగ్రత్త కావాలి. మిస్సోరిలోని హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూలులో 1983లో విద్యార్థుల పత్రిక నుంచి ప్రిన్సిపాల్ రెండు పేజీలు తీయించారు. అందులో ఒక వ్యాసం గర్భవతులైన విద్యార్థినుల గురించి, మరొకటి తల్లిదండ్రుల విడాకుల గురించి. సుప్రీంకోర్టు 1988లో అయిదుగురు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచిన తీర్పులో బడి పక్షం వహించింది. పేర్లు మార్చినా ఆ అమ్మాయిలను గుర్తుపడతారన్న ప్రిన్సిపాల్ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ రాసిన పిల్లలకు ముందుగా చెప్పకుండా పేజీలు లేపేయడం నాకు తప్పుగానే తోస్తుంది. కూర్చోబెట్టి మాట్లాడితే వాళ్ళే సరిదిద్దుకునేవారు. ఇయర్‌బుక్ దశాబ్దాల పాటు ఇంట్లో ఉండిపోయే పుస్తకం కాబట్టి, ‘ఇది అచ్చులో రావచ్చా?’ అని రెండోసారి అడగడం కనీస మర్యాద.

మన బడులకూ వార్షిక సంచికలున్నాయి. వాటిలో ప్రధానోపాధ్యాయుల సందేశం, ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళ ఫొటోలు, వార్షికోత్సవ నివేదిక, కొన్ని కవితలు ఉంటాయి. నలభై అయిదు శాతం మార్కులతో గట్టెక్కిన పిల్లవాడి మాట ఎక్కడా ఉండదు. ఒకప్పటి ఆటోగ్రాఫ్ పుస్తకాలు, తర్వాతి స్లామ్ బుక్కులు తమ మాట చెప్పుకోవాలన్న కోరిక పిల్లల్లో ఉందని చూపించాయి. అయితే స్లామ్ బుక్ అందరినీ ఇష్టమైన రంగేదని ఒకేలా అడుగుతుంది. జవాబు విని మరో ప్రశ్న వేసే మనిషి అందులో లేడు.

అలా అడిగి రాసే పుస్తకానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. లిఖిత పత్రికలు, గోడపత్రికలు నడిపిన అనుభవం మన ఉపాధ్యాయులకు ఉండనే ఉంది. దసరా సెలవులయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలకు తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి పదో తరగతి వాళ్ళ దగ్గరికి పంపండి. ఒక్కొక్కరితో పది నిమిషాలు చాలు. పబ్లిక్ పరీక్షల హడావుడి మొదలుకాకముందే, సంక్రాంతి నాటికి పుస్తకం సిద్ధమవుతుంది. చేతిరాతతో ఉన్నా ఫరవాలేదు, జిరాక్స్ తీసి అందరికీ పంచండి. హాజరుపట్టీ పక్కన పెట్టుకుని చూసుకోండి, ఒక్క పేరు కూడా వదలొద్దు.