ఉద్యోగంలో ఒదిగిన ఆట: బాస్కెట్‌బాల్ క్రీడాకారుల వృత్తి జీవితం

బాస్కెట్‌బాల్‌ను వృత్తిగా స్వీకరించిన ఆటగాడు అనగానే అమెరికాలోని ఎన్‌బీఏ, అక్కడి కోట్ల డాలర్ల ఒప్పందాలు గుర్తుకు రావడం సహజమే అయినా, భారతదేశంలో ఈ వృత్తి పెరిగిన దారి పూర్తిగా వేరు. ఇక్కడ ఆటగాడిని దశాబ్దాలుగా పోషిస్తున్నవి రైల్వేలు, సైనిక దళాల ఉమ్మడి జట్టయిన సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, ఆదాయపు పన్ను శాఖ వంటి సంస్థలు. ఆటగాడు ఆ సంస్థలో ఉద్యోగి. నెలజీతం అందుకుంటూ, ఉదయం సాయంత్రం సాధన చేస్తూ, పోటీల కాలంలో విధుల నుంచి సెలవు పొంది సంస్థ తరఫునో రాష్ట్రం తరఫునో దేశం తరఫునో ఆడతాడు. సొంత లీగ్ జట్టంటూ లేని తిరుపతి, చిత్తూరు ప్రాంతాల యువతకు అందుబాటులో ఉన్న నిజమైన వృత్తి మార్గం ఇదే గనుక, దీన్ని లీగుకు దిగువమెట్టుగా చూడకుండా, తనదైన పద్ధతులూ విలువలూ ఉన్న సంప్రదాయంగా పరిశీలించాలి.

1891లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) శిక్షణాలయంలో జేమ్స్ నైస్మిత్ పీచ్ పండ్ల బుట్టలను గోడకు వేలాడదీసి, 13 నియమాలతో రూపొందించిన ఈ ఆట దక్షిణ భారతానికి కూడా వైఎంసీఏ ద్వారానే బలంగా చేరింది. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో నెలకొల్పిన వ్యాయామ విద్యా కళాశాల నుంచి శిక్షణ పొంది వచ్చినవారు ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయులుగా, అంటే నాటి జనం నోట ‘డ్రిల్లు మాస్టర్లు’గా, కుదురుకొని వాలీబాల్‌తో పాటు బాస్కెట్‌బాల్‌ను కూడా పిల్లలకు నేర్పారు. చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండటం వల్ల ఇక్కడి చదువులకూ ఆటలకూ మద్రాసే కేంద్రంగా ఉండేది. నేటికీ తిరుపతి నుంచి రేణిగుంట, అరక్కోణం మీదుగా కొన్ని గంటల రైలు ప్రయాణంలో చేరగలిగే చెన్నై, దేశంలో బాస్కెట్‌బాల్‌కు పేరుపడిన నగరాల్లో ఒకటి.

వృత్తి ఆటగాడి నైపుణ్యాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా కొలతల వైపు చూడాలి. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల కోర్టుకు ఇరువైపులా 3.05 మీటర్ల ఎత్తున ఉండే రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు కాగా, పురుషులు ఆడే బంతి వ్యాసం దాదాపు 24 సెంటీమీటర్లు. నిటారుగా పైనుంచి పడే బంతికి రింగు మొత్తం తెరిచి ఉంటుంది. బంతి వాలుగా వచ్చేకొద్దీ ఆ ద్వారం ఇరుకవుతుంది. 45 డిగ్రీల కోణంలో దిగే బంతికి దాదాపు 32 సెంటీమీటర్ల దారి దొరికితే, 30 డిగ్రీల కోణంలో వచ్చే బంతికి మిగిలేది 22.5 సెంటీమీటర్లే, అంటే అది అంచును తాకకుండా నేరుగా లోపలికి పోవడం అసాధ్యం. బంతిని ఎత్తుగా, విల్లులా వంచి వేయమని శిక్షకులు పదే పదే చెప్పడానికి మూలం ఈ లెక్కలోనే ఉంది. మణికట్టును చివరిక్షణంలో కిందికి వంచి వేళ్ల కొసలతో బంతిని విడిచినప్పుడు అది వెనక్కి తిరుగుతూ సాగుతుంది. ఆ తిరుగుడు వల్ల బంతి రింగు అంచును తాకినా దూరంగా ఎగిరిపోకుండా వేగం తగ్గి, లోపలికి జారే అవకాశం పెరుగుతుంది. బోర్డుకు 4.6 మీటర్ల దూరంలోని గీత నుంచి ఎవరూ అడ్డురాకుండా వేసే ఫ్రీ త్రో చూడటానికి తేలిక. కానీ అలసిన కాళ్లతో, పోటీ చివరి నిమిషంలో కూడా అదే మోచేతి తీరును, అదే ఊపిరి లయను నిలుపుకోవడానికి వేల సార్ల సాధన కావాలి.

చేతి పని కంటే కష్టమైనది పాదాల పని. బంతి పట్టుకొని నడవకూడదన్నది ఈ ఆటకు ప్రాణం వంటి నియమం. అందుకే ఒక పాదాన్ని నేలకు నాటి, రెండో పాదంతో ఎటైనా తిరిగే ‘పివట్’ అనే కదలికను మొట్టమొదట నేర్పుతారు. బంతిని నేలకు కొడుతూ సాగే డ్రిబ్లింగ్‌లో చూపు బంతి మీద కాక తోటి ఆటగాళ్ల మీద ఉండాలి. పరుగు మీద బంతిని అందుకొని రెండు అడుగుల్లో పైకి లేచి, బోర్డుకు తాకించి రింగులో వేసే ‘లే-అప్’లో వేగాన్ని ఎత్తుగా మార్చుకోవాలి. వీటన్నిటికీ మించి వృత్తి ఆటగాణ్ణి ఔత్సాహికుడి నుంచి వేరుచేసేది బంతి లేనప్పుడు అతడు చేసే పని. సహచరుణ్ణి కాపలా కాస్తున్న ప్రత్యర్థి దారిలో నియమబద్ధంగా నిలబడి అడ్డుకోవడాన్ని ‘స్క్రీన్’ అంటారు. అలా అడ్డుగా నిలిచిన ఆటగాడే మరుక్షణం రింగు వైపు తిరిగి బంతిని అందుకుంటే అది ‘పిక్ అండ్ రోల్’. బంతి చేతికి వచ్చిన 24 సెకన్లలోగా షాట్ వేయాలన్న నిబంధన ఉన్న ఆటలో, ఎదుటివారు తమ మనిషిని వెంబడిస్తారా, మనుషుల్ని మార్చుకుంటారా అన్నది కళ్లతో చదివి అరక్షణంలో తేల్చుకోవాలి. స్కోరు పట్టికలో ఎక్కడా నమోదు కాని ఈ పనే గెలుపును నిర్ణయిస్తుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆటను చదివే ఈ నేర్పు వయసుతో పెరుగుతుంది, కాళ్ల సత్తువ వయసుతో తగ్గుతుంది. ఇరవై రెండేళ్లప్పుడు ఎగిరి సాధించినదాన్ని ముప్ఫై రెండేళ్లప్పుడు ముందుగా ఊహించి సాధించడమే దీర్ఘకాలం ఆడినవారి విద్య. ఉద్యోగ భద్రత ఆ మార్పుకు కావలసిన సమయాన్ని ఇస్తుంది. ఏటికేడు కొత్త ఒప్పందం కోసం ఎదురుచూసే ఆటగాడు మోకాలి గాయంతో ఏడాది కూర్చుంటే అతడి వృత్తే ముగిసిపోవచ్చు. సంస్థ ఉద్యోగికి జీతం ఆగదు కాబట్టి కోలుకొని తిరిగి రాగలడు.

దీనికి చెన్నైలోని దక్షిణ రైల్వే ఉద్యోగినులైన ఇద్దరు క్రీడాకారిణుల జీవితాలు మంచి నిదర్శనాలు. పందొమ్మిదేళ్లకే భారత జట్టు నాయకురాలైన అనితా పాల్‌దురై 2000 నుంచి 2017 దాకా దేశం తరఫున ఆడి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. కేరళ నుంచి వచ్చిన గీతూ అన్నా జోస్ ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ జట్టుకు ఆడి, 2011లో అమెరికా మహిళల లీగ్ జట్ల ఎంపిక పరీక్షలకు వెళ్లివచ్చి, 2014లో అర్జున పురస్కారం పొందారు. పురుషుల్లో ఓఎన్‌జీసీకి చెందిన విశేష్ భృగువంశీ 2017లో ఆస్ట్రేలియా జట్టు అడిలైడ్ థర్టీసిక్సర్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. 2020లో అర్జున పురస్కారం ఆయనను వరించింది. మరోవైపు 2015లో ఎన్‌బీఏ జట్టు డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్న పంజాబ్ యువకుడు సత్నామ్ సింగ్, కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడిగా చరిత్రకెక్కినా, ఆ లీగ్‌లో ఒక్క పోటీ కూడా ఆడే అవకాశం రాక, చివరకు ప్రొఫెషనల్ కుస్తీ వైపు మళ్లారు. ఏడడుగులు దాటిన మనిషికి కూడా ఆ ద్వారం అంత ఇరుకైనప్పుడు, మన ఊరి పిల్లవాడికి దాన్నొక్కదాన్నే గమ్యంగా చూపడం న్యాయం కాదు.

ఉద్యోగపు ద్వారం కూడా విశాలమైనదేమీ కాదు. రైల్వేల క్రీడా కోటా నియామకాల్లో సాధారణంగా 18 నుంచి 25 ఏళ్ల వయసు వారినే పరిగణిస్తారు. మొత్తం 100 మార్కుల్లో 50 గుర్తింపు పొందిన పోటీల్లోని విజయాలకు, 40 మైదానంలో జరిగే ట్రయల్స్‌కు, 10 చదువుకు కేటాయిస్తారు. అంటే బడి జట్టు నుంచి జిల్లా జట్టుకు, అక్కడి నుంచి రాష్ట్ర జట్టుకు ఎదిగి, జాతీయ జూనియర్ పోటీల్లోనో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో తమ జట్టును మంచి స్థానం దాకా తీసుకెళ్లాలి. ఈ మెట్లలో విశ్వవిద్యాలయానిదే కీలక స్థానం. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఒకే ఊళ్లో ఉండటం తిరుపతికి దొరికిన అరుదైన వసతి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో దీని విలువ ఎక్కువ. చదువు సాగుతూనే ఆట సాగే చోటికి, ఆట ద్వారా ఉద్యోగం వచ్చే దారికి కుటుంబాలు సులభంగా ఒప్పుకుంటాయి. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో తెలంగాణ మహిళలు బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలవడం, తెలుగు నేలకు ఈ ఆటలో శిఖరం అందనిది కాదని చాటింది.

అయితే ఈ సంప్రదాయంలోని లోపాన్ని దాచరాదు. ఉద్యోగం వచ్చిన రోజే గమ్యం చేరామన్న తృప్తి కొందరి ఎదుగుదలను ఆపేస్తుంది. జట్లు పెద్ద నగరాల్లోనే ఉండటం వల్ల అనుభవం కూడా అక్కడే పోగుపడుతుంది. చిన్న ఊళ్లలో పిల్లలు ఆరుబయట సిమెంటు కోర్టుల మీద, ఎండ ముదరక ముందో, పొద్దువాలాకో ఆడవలసి ఉంటుంది; చెక్క నేలకు ఉండే సాగే గుణం సిమెంటుకు లేకపోవడంతో దూకిన ప్రతిసారీ ఆ దెబ్బను మోకాళ్లూ మడమలే భరించాలి. ఎత్తైన పిల్లల్ని వెదకడం మీద చూపే శ్రద్ధలో సగమైనా సరైన కాలి పని నేర్పే శిక్షకుల మీద చూపితే ఫలితం మారుతుంది. 1961లో ప్రారంభమైన పటియాలా జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే శిక్షకుల డిప్లొమాను పొంది, రైల్వేల్లో, బ్యాంకుల్లో ఆడి విరమించిన క్రీడాకారులు ఎందరో శిక్షకులుగా మారారు. వారిలో కొందరినైనా సెలవుల శిబిరాలకో, రెండు మూడేళ్ల డిప్యుటేషన్ మీదో తిరుపతి, చిత్తూరు, మదనపల్లె మైదానాలకు రప్పించగలిగితే, పన్నెండేళ్ల పిల్లలకు పివట్ పాదం ఎలా నాటాలో, స్క్రీన్ నుంచి ఎటు తిరగాలో మొదటి ఏడాదే సరిగ్గా అలవాటవుతుంది. ఆ వయసులో స్థిరపడిన తప్పు కదలికను ఇరవై ఏళ్లకు ట్రయల్స్ నాటికి సరిదిద్దడం ఎంత గొప్ప శిక్షకుడికైనా కష్టమే.