వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది?

వస్తువు, శిల్పం అనే రెండు మాటలు లేకుండా మన విమర్శ వ్యాసం పూర్తి కాదు. నేనూ ఇరవై ఏళ్ళుగా ఆ మాటలతోనే కాలక్షేపం చేస్తున్నాను. అయితే వస్తువుకు బజారులో ఇంకో అర్థం ఉంది. డబ్బిచ్చి కొనేది, లాభానికి అమ్మేది. ఈ రెండు అర్థాలకూ చుట్టరికం ఉందని నాకు ఏ అలంకారశాస్త్రమూ చెప్పలేదు. మా బడికి కూతుర్ని పంపే ఒక రైతు చెప్పాడు.

మాది నడిగడ్డ. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల ప్రాంతం. ఇక్కడి చేలల్లో పండే పత్తి బట్టకు పోదు, విత్తనానికి పోతుంది. సంకర విత్తనం కావాలంటే ఆడ మొక్క మొగ్గలోని పుప్పొడి భాగాన్ని సాయంత్రం పూట గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి అద్దాలి. ఏ యంత్రమూ చెయ్యదు. ఒక్కొక్క మొగ్గకూ మనిషి వేళ్ళే కావాలి. మేం దాన్ని క్రాసింగ్ అంటాం. రెండు మూడు నెలలు సాగే ఈ పనికి ఆడపిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి కనుక మొగ్గ చెడదనే వాదన ఒకటి పుట్టించారు. సన్నని వేళ్ళకు కూలి కూడా సన్నగానే ఇవ్వొచ్చుననే సంగతి మాత్రం ఆ వాదనలో ఉండదు.

కొన్నేళ్ళ కిందట ఈ పని మీద ఒక యువకుడు కథ రాశాడు. ఏడో తరగతి పిల్లను తండ్రి బడి మానిపించి చేనుకు తోలుకుపోతాడు. పంతులు బతిమాలతాడు, తండ్రి కసురుకుంటాడు. చివర ఖాళీ బెంచీ. ఆ కథను ఒక సభలో నేనే పరిచయం చేశాను. వస్తువు కొత్తది, శిల్పం పక్వమైనది అని మెచ్చుకున్నాను. బడిలో పిల్లలకు ఇచ్చి చదివించాను. ఒక పిల్ల ఇంటికి తీసుకుపోయింది. వారం తర్వాత వాళ్ళ నాయన వచ్చాడు.

“సారూ, కథ మంచిగనే ఉంది. కానీ దాంట్ల దొంగను నేనొక్కణ్ణే. విత్తనం ఇచ్చినోడు, ధర రాసినోడు యాడ పోయిండ్రు?”

నా దగ్గర జవాబు లేదు. ఆయనే కూర్చుని లెక్క చెప్పాడు. మూల విత్తనం కంపెనీది. దాన్ని తెచ్చి ఇచ్చేవాడు ఆర్గనైజరు. ఎరువుకూ కూళ్ళకూ బయానా ఇచ్చేవాడూ అతనే, వడ్డీ కట్టేవాడూ అతనే. పండినదానికి ధర కట్టేది కంపెనీ. పరీక్షలో శుద్ధత తక్కువని తేలితే సరుకు రైతుకే తిరిగి వస్తుంది, అప్పు మాత్రం అక్కడే ఉంటుంది. ఆ ధరలో పెద్దవాళ్ళకు పూర్తి కూలి ఇచ్చి క్రాసింగ్ చేయిస్తే మిగిలేది సున్న. కనుక కూతురు. ఆయన చేసింది ఒప్పని నేననను. ఆయనా అనలేదు. కానీ తప్పు ఆయన దగ్గర మొదలు కాలేదు. రచయిత దాన్ని ఆయన దగ్గర ఆపేశాడు. ఆపినందుకు నేను చప్పట్లు కొట్టాను. ఆ రోజు నుంచి నాకొక ప్రశ్న పట్టుకుంది. చేనులో ఉన్న పిల్లకు విత్తనం పొట్లం కొనేవాడు కనిపించడు. కొనేవాడికి పిల్ల కనిపించదు. ఈ రెండు కొసలనూ ఒక రచనలోకి ఎలా తేవడం?

ఈ ప్రశ్నతో వెనక్కి వెళ్ళి చదివితే 1860లో వెలువడ్డ రెండు రచనలు దొరికాయి. ఒకటి ఢాకాలో అచ్చయిన దీనబంధు మిత్ర నాటకం 'నీల్ దర్పణ్'. రెండోది ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చిన డచ్చి నవల 'మాక్స్ హావెలార్'. ఒకరినొకరు ఎరగని ఇద్దరు రచయితలు, ఒకరు నీలిమందు గురించీ ఒకరు కాఫీ గురించీ, ఒకే ఏట రాశారు.

మిత్ర నాటకం అంతా నీలి సాగు జరిగే పల్లెలోనే నడుస్తుంది. దొర రైతు మెడకు బయానా కడతాడు. వాళ్ళు దాన్ని దాదన్ అన్నారు. ఒకసారి తీసుకున్నాక తీరదు, కొడుకు నెత్తికి దిగుతుంది. మా రైతు చెప్పిన లెక్కకూ దీనికీ తేడా నూట అరవై ఏళ్ళే. నాటకంలో కన్నీరు ఎక్కువే, చావులు ఎక్కువే. అయినా దాని బలం దాదన్‌లో ఉంది. క్రూరత్వం దొర స్వభావం నుంచి కాక పద్దు పుస్తకం నుంచి పుట్టుకొస్తున్నట్టు చూపిన చోట నాటకం మెలోడ్రామాను దాటింది. లండన్‌లో నీలిమందు కొనే వర్తకుడు మాత్రం రంగస్థలం మీదికి రాడు. ఆ లోటును చరిత్రే పూరించింది. నాటకం బెంగాలీలో ఉన్నంత కాలం ఎవరి మీదా కేసు లేదు. ఇంగ్లీషులోకి వచ్చి, ప్రతులు సముద్రం దాటాక, దాన్ని అచ్చు వేయించిన ఫాదరీ జేమ్స్ లాంగ్‌కు 1861లో నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. రైతు బాధ రైతులకు చెబితే సాహిత్యం, కొనేవాడికి చెబితే నేరం అయిందన్నమాట!

మల్టాటూలి అనే కలంపేరుతో రాసిన డౌవెస్ డెకర్ జావాలో డచ్చి ఉద్యోగి. 1856లో లెబక్ ప్రాంతంలో స్థానిక ప్రభువు రైతుల చేత వెట్టి చేయిస్తున్నాడనీ గేదెలు లాక్కుంటున్నాడనీ ఫిర్యాదు చేసి, పైఅధికారులు ఆ ప్రభువునే కాపాడగా రాజీనామా ఇచ్చి వచ్చేశాడు. ఆ అనుభవమే నవల. ఇందులో మనం నేర్చుకోవలసిన శిల్పం ఉంది. కథ చెప్పేవాడు జావా రైతు కాదు, ఆమ్‌స్టర్‌డామ్ కాఫీ దళారి డ్రోగ్‌స్టోపెల్. నిజాయితీపరుణ్ణని చెప్పుకుంటాడు, కవిత్వం అబద్ధమని ఏవగించుకుంటాడు. ఒక పేద పరిచయస్తుడి కాగితాల కట్ట చేతికొస్తే కాఫీ సమాచారం దొరుకుతుందేమోనని పుస్తకం రాయించబూనుకుంటాడు. ఆ కట్టలోంచి లెబక్ బయటికి వస్తుంది. గేదె పోగొట్టుకున్న సైజా, వాడి కోసం ఎదురుచూసిన అదిందా బయటికి వస్తారు. దళారి చిరాకుపడుతూనే ఉంటాడు. గొలుసు రెండు కొసలూ ఒకే పుస్తకంలో ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడే నవల. ఇక్కడ వస్తువే శిల్పాన్ని నిర్ణయించింది.

ఇంకొక్క సంగతి. నవలను అచ్చుకు సిద్ధం చేసిన వాన్ లెన్నెప్ ఊళ్ళ పేర్లు చెరిపి చుక్కలు పెట్టాడు, తేదీలు తీసేశాడు. కరుణ మిగలాలి, ఆనవాలు మిగలకూడదు. ఆ పేర్లను రచయిత తిరిగి పెట్టుకోవడానికి 1875 ముద్రణ దాకా పట్టింది. ఈ నాటి వ్యాపార భాషలో సరుకు పుట్టిన చోటును గుర్తించడం గురించి చాలా మాట్లాడుతున్నారు. అలాంటి తగాదా ఒక నవల అచ్చు విషయంలోనూ జరిగిందని సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

మల్టాటూలికి పరిమితి లేకపోలేదు. వలస పాలన పోవాలని అతను అనలేదు. న్యాయంగా ఉండాలన్నాడు. నవల చివర పాత్రలను పక్కకు తోసి, తానే కలం తీసుకుని, రాజుకు విన్నవించుకున్నాడు. విన్నపంగా ముగిసిన పుస్తకానికి తర్వాత ఏం జరిగిందో చూడండి. 1988లో హాలండులో కాఫీ పొట్లాల మీద ఒక ముద్ర వచ్చింది. పండించిన చిన్న రైతుల సహకార సంఘాలకు కనీస ధర దక్కిందని అది హామీ. ఆ ముద్ర పేరు మాక్స్ హావెలార్! దీన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ధర గురించి మాట్లాడింది కనుక అది ఉత్త ధర్మపన్నాల కంటే మెరుగు. కానీ బాధ్యులు ఎవరని నవల అడిగింది. ఏ పొట్లం కొనాలో ముద్ర చెబుతోంది. చదివినవాడికి నిద్ర పట్టకూడదని నవల రాశారు. కొన్నవాడు హాయిగా నిద్రపోతాడు. డ్రోగ్‌స్టోపెల్ బతికి ఉంటే ఆ పొట్లాన్ని రెండు పైసలు ఎక్కువకు అమ్ముకునేవాడు.

అప్టన్ సింక్లెయిర్‌కూ ఇదే అనుభవం. చికాగో మాంసపు కర్మాగారాల కూలీల కోసం 1906లో 'ది జంగిల్' ప్రచురించాడు. పాఠకులు కూలీని వదిలి మాంసాన్ని పట్టుకున్నారు. అదే ఏడు అమెరికాలో మాంసం తనిఖీకి, ఆహార శుద్ధికి చట్టాలు వచ్చాయి. కూలీ బతుకు అక్కడే ఉంది.

ఇప్పుడు మన కాలం. 2012 సెప్టెంబరులో కరాచీలో ఒక దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. అంతకు కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి కార్మిక ప్రమాణాల సర్టిఫికెట్ వచ్చింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. 'నీల్ దర్పణ్' అచ్చయిన ఊరికి అది ఎంతో దూరం కాదు. ఆ తర్వాత 2017లో ఫ్రాన్సు, 2023 నుంచి జర్మనీ, తమ పెద్ద కంపెనీలు విదేశీ సరఫరాలో మనిషి హక్కులకు జవాబు చెప్పాలని చట్టాలు అమలు చేశాయి. 2024లో ఐరోపా సమాఖ్య అలాంటి ఆదేశమే ఆమోదించి, మరుసటి ఏడే దాన్ని కుదించే పనిలో పడింది. ఈ చట్టాలు అక్కర్లేదనే అతివాదం నాకు లేదు. మా బడిలోనే మార్పు చూశాను. పర్యవేక్షణ మొదలయ్యాక ఆరు, ఏడు తరగతుల బెంచీలు కొంత నిండాయి. ఎనిమిది, తొమ్మిది మాత్రం ఆగస్టు రాగానే పలచబడుతూనే ఉన్నాయి. తనిఖీదారు పిల్ల వయసు అడుగుతున్నాడు. పొట్లం ధరలో రైతు వాటా ఎంతని అడగడం లేదు.

సాహిత్యం అడగవలసింది ఆ ప్రశ్ననే. మనకు దారి లేకపోలేదు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో అప్పల్రాముడి బాకీ ఒక షావుకారి దుర్మార్గంతో మొదలై ముగియదు. పంచాయితీ సాగుతుండగా ఊరి అభివృద్ధి ఆ బాకీలోంచి బయటపడుతుంది. చివరి ఘట్టం మనల్ని వణికించేది రక్తం వల్ల కాదు, లెక్క అంతా విన్నాం కనుక. లెక్క చెప్పని కరుణ పాఠకుణ్ణి ఏడిపించి పంపుతుంది. చెప్పిన కరుణ వాణ్ణి సాక్షిగా నిలబెడుతుంది.

అందుచేత కథలు పంపే యువ మిత్రులకు నా మనవి. మీ కథలో వస్తువు ఏమిటని మేం అడుగుతాం. ఆ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతులు మారింది, ఏ చేతి దగ్గర ఎంత డబ్బు ఆగింది అని మీరు అడగండి. కరపత్రం రాయమనడం లేదు. కంపెనీ మేనేజరును తెచ్చి మీసాలు తిప్పించమనడం లేదు. ఆర్గనైజరు జేబులోని చిన్న పద్దు పుస్తకాన్ని ఒక్కసారి తెరిచి చూపినా చాలు. ఇది విమర్శకులకూ వర్తిస్తుంది, ముందు నాకు.

ఆ రైతు కూతురు ఆ ఏడు పరీక్ష రాసింది, పైతరగతికి పోయింది, ఆగస్టులో చేనుకూ పోయింది. కథ రాసిన యువకుడికి నేను ఉత్తరం రాశాను. నీ కథ బాగాలేదని కాదు, నా మెప్పుదల తప్పు అని రాశాను. అతను కథను తిరగరాస్తున్నాడు. ఈసారి ముందుగా చదివి వినిపించవలసింది నాకు కాదు, ఆ నాయనకు.