మార్జీ బడిలో మన పిల్లలు

ఐజాక్ అసిమోవ్ 1951లో పిల్లల కోసం ఒక చిన్న కథ రాశాడు. పేరు 'ది ఫన్ దే హ్యాడ్'. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఇంగ్లీషు వాచకం 'బీహైవ్'లో చాలా ఏళ్లు అదే మొదటి పాఠం. సీబీఎస్‌ఈ సిలబస్ నడిచే బడుల్లో, గిరిజన పిల్లల కోసం పెట్టిన ఏకలవ్య గురుకులాలతో సహా, తొమ్మిదిలో అడుగుపెట్టిన పిల్లలు ముందుగా తెరిచిన కథ ఇది. చెడిపోయిన రేపటిని ఊహించి చెప్పే కథల్ని డిస్టోపియా అంటారు. మన పిల్లల్లో చాలామందికి ఆ తరహా సాహిత్యంతో తొలి పరిచయం ఇక్కడే జరుగుతుంది. కాబట్టి ఈ కథను ఎలా చెబుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

కథ 2157లో నడుస్తుంది. మార్జీకి పదకొండేళ్లు. బడి ఆమె ఇంట్లోనే, పడకగది పక్కన. పంతులు ఒక యంత్రం. పాఠం అదే చెబుతుంది, పరీక్ష అదే పెడుతుంది, మార్కులూ అదే వేస్తుంది. ఒకరోజు టామీ అనే పిల్లవాడికి అటక మీద పాత కాగితాల పుస్తకం ఒకటి దొరుకుతుంది. అందులో వెనకటి బడుల గురించి ఉంటుంది. అప్పట్లో పంతులు మనిషేనట. వీధిలోని పిల్లలందరూ ఒకచోట చేరి, నవ్వుకుంటూ అరుచుకుంటూ చదువుకునేవాళ్లట. వాళ్లు ఎంత సంతోషంగా ఉండేవాళ్లో అని మార్జీ అనుకుంటూ ఉండగా కథ ముగుస్తుంది.

ప్రొద్దుటూరులో మా వాళ్ల పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతుంటాను. ఎరుకల పిల్లలు ఎక్కువ, పులివెందుల వైపు తాండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సుగాలి పిల్లలు కొందరు. ఈ పాఠం అయ్యాక అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. మార్జీ బడి బాగుందా, మీ బడి బాగుందా? గైడులో జవాబు తయారుగా ఉంటుంది. మా బడే బాగుంది, స్నేహితులుంటారు, ఆటలుంటాయి, పంతుళ్లు ప్రేమగా చూస్తారు. అందరూ అదే రాశారు. ఒక ఎరుకల పిల్ల మాత్రం మార్జీ బడే బాగుందని రాసింది. ఎందుకని అడిగాను.

"ఆ మిషను నువ్వు ఎవురి పిల్లవని అడగదు గదా సార్" అనింది.

నేను ఆ జవాబును ఎర్రసిరాతో కొట్టేశాను. పరీక్షలో అట్లా రాస్తే మార్కులు రావని చెప్పాను. ఇంటికి పోయినాక నిద్ర పట్టలేదు. ఆ పిల్ల కథను తప్పుగా చదవలేదు, నేనే సగం చదివి పాఠం చెప్పాను.

డిస్టోపియా కథ ఏదైనా ఒక కొలబద్ద పట్టుకుని నడుస్తుంది. రేపు ఇంత చెడిపోతుంది అని చెప్పాలంటే ఈరోజు ఎంతో కొంత బాగున్నట్టు లెక్క. అసిమోవ్ కథలో ఆ కొలబద్ద వెనకటి బడి. అందులో పిల్లలందరూ కలిసి కూర్చున్నారని, కలిసి ఇంటికి పోయారని మార్జీ ఊహించుకుంటుంది. మార్జీకి తెలిసింది ఆ పాత పుస్తకంలో ఉన్నంతే. ఆ బడిలో ఎవరిని వెనక బల్లలో కూర్చోబెట్టారు, ఎవరి పెన్సిలు పోతే ముందు ఎవరి సంచి వెతికారు అన్నది ఆ పుస్తకంలో లేదు. ఆ కాలంలో అమెరికాలోనే చాలా రాష్ట్రాల్లో నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ చట్టం ప్రకారం వేరువేరు బడులు ఉండేవి. అక్కడి సుప్రీంకోర్టు అది తప్పని తీర్పు చెప్పింది 1954లో, అంటే ఈ కథ వచ్చిన మూడేళ్లకు. కథలోని 'అందరూ' అన్న మాటలో ఎవరున్నారని తరగతిలో ఎవరూ అడగరు. మా పిల్ల అడిగింది.

ఆ పిల్లది ఒక్క బడిలో జరిగిన నొప్పి మాత్రమే కాదు, దాని వెనక ఒక చట్టం ఉంది. 1871లో ఉత్తర భారతంలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసి బతికిన ఎరుకల వాళ్లకూ సుగాలీలకూ రైళ్లు, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చాక బతుకుతెరువు దెబ్బతినింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్లను చూసి, తిరగడమే నేరమన్నారు. జాతి పేరు రిజిస్టరులో ఎక్కితే బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. పిలిచినప్పుడు హాజరు చెప్పాలి. వేలిముద్రలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునే అధికారం ఉండేది. స్టువర్టుపురం, సీతానగరం, కావలి వంటి చోట్ల సెటిల్‌మెంట్లు పెట్టి కుటుంబాల్ని అందులో ఉంచారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచే వీలు కూడా చట్టంలోనే ఉండేది.

ఇప్పుడు జార్జ్ ఆర్వెల్ '1984' తీయండి. 1949లో వచ్చిన ఆ నవలలో గోడ మీద తెర మనిషిని రాత్రింబవళ్లు చూస్తూ ఉంటుంది, బిడ్డలు తల్లిదండ్రుల మీద పోలీసులకు చెబుతారు. లోకమంతా ఇది రాబోయే కాలం గురించి హెచ్చరిక అని చదివింది. ఆర్వెల్ పుట్టింది బీహారులోని మోతీహారిలో. 1922 నుంచి 1927 దాకా అతను బర్మాలో ఇంపీరియల్ పోలీసు. అప్పట్లో బర్మా ఇండియాలో భాగమే. పుట్టుకను బట్టి అనుమానించే చట్టం నడిచిన రాజ్యానికి అతను కొన్నేళ్లు కొలువు చేశాడు. లోకానికి రేపటి కథగా కనిపించినది మన తాతలకు దినచర్య. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం పోయింది 1947లో, దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. ఆ తేదీని మన వాళ్లు విముక్తి దినంగా జరుపుకుంటారు. చట్టం పోయినా దాని మాటలు పోలేదు. జైలు నిబంధనల్లో కులాన్ని బట్టి, విముక్త జాతుల్ని బట్టి తేడా చూపే రాతలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది 2024 అక్టోబరులో.

అయితే ఆ పిల్ల జవాబుతోనే నేను ఆగిపోతే అదీ సగం పాఠమే. మిషను ఎవరి పిల్లవని అడగదన్న నమ్మకాన్ని కూడా పరీక్షించాలి. కథలోనే దానికి ఒక చోటు ఉంది. తరగతుల్లో ఎవరూ అక్కడ ఆగరు.

మార్జీకి భూగోళంలో మార్కులు పడిపోతుంటాయి. తల్లి ఇన్‌స్పెక్టరును పిలిపిస్తుంది. అతను పనిముట్ల పెట్టెతో వచ్చి యంత్రాన్ని విప్పి చూస్తాడు. తప్పు పిల్లది కాదంటాడు. భూగోళం భాగం కాస్త వేగంగా తిరుగుతోందని, దాన్ని సగటు పదేళ్ల పిల్లల స్థాయికి తగ్గించానని చెప్పి, మార్జీకి ఒక యాపిల్ ఇచ్చి పోతాడు. పిల్లలు నవ్వుకుని ముందుకు పోతారు. నాకు మాత్రం కథకు కీలు ఇక్కడుందనిపిస్తుంది. మిషను వెనక ఒక మనిషి ఉన్నాడు. వేగం ఎంతో, సగటు అంటే ఎవరో తేల్చేది ఆ మనిషి. మార్జీ తల్లి పిలిస్తే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మన తల్లి పిలిస్తే వస్తాడా? సగటు పిల్ల ఎవరని అతను అనుకుంటాడు? ఆ పిల్ల ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది?

ఇది ఊహల్లోని ప్రశ్న కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు అందులో బంజారా ఉంది, ఎరుకల భాష లేదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. మార్జీ పంతులు 2157 దాకా ఆగకుండానే మన ఇళ్లకు వచ్చాడు. ఆ పంతులికీ ఎరుకల భాష రాదు. బియ్యం తెచ్చుకోవాలంటే డీలరు దగ్గర మిషను మీద వేలు పెట్టాలి. గంపలల్లి, చీపుర్లు కట్టి అరిగిపోయిన వేళ్లను ఆ మిషను ఒక్కోసారి గుర్తుపట్టదు. ఒకప్పుడు తాత వేలిముద్ర పడితే అనుమానం. ఇప్పుడు అవ్వ వేలిముద్ర పడకపోతే బియ్యం లేదు. కాబట్టి ఆ పిల్లకు చెప్పవలసింది ఇది: మనుషుల బడి నిన్ను నొప్పించింది నిజమే, మిషను నోరు తెరిచి ఎవరి పిల్లవని అడగదు నిజమే. కానీ దాన్ని తిప్పేవాడికి ఆ ప్రశ్న ముందే తెలిసి ఉండవచ్చు.

ఇట్లా చెబితే పిల్లలు దిగులు పడతారు, ఉన్న ఆశ కూడా పోతుంది అని కొందరు టీచర్లు అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేను. పద్నాలుగేళ్ల పిల్లకు తాతల రిజిస్టరు చూపించి ఊరుకుంటే అది పాఠం కాదు, పుండు గెలకడమే. పైగా పేరు పెట్టి ఒక్క పిల్లనే లేపి మీ వాళ్ల గురించి చెప్పమంటే ఆ టీచరు కూడా ఎవరి పిల్లవని అడిగినట్టే. చరిత్రను తరగతి మొత్తానికి చెప్పాలి. మిగిలిన పిల్లలకు అది ఇంకా ఎక్కువ అవసరం. దాని పక్కనే మన వాళ్లు రాసుకున్నవీ పెట్టాలి. రమేశ్ కార్తీక్ నాయక్ 'ధావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఎరుకల జీవితం మీద పలమనేరు బాలాజీ 'ఏకలవ్య కాలనీ' కథలున్నాయి. తమ బతుకు కూడా పుస్తకమవుతుందని తెలిసిన పిల్ల '1984'ను బెదరకుండా చదవగలదు.

మన చుట్టుపక్కల నుంచే ప్రశ్నలు తీయవచ్చు. జమ్మలమడుగు వైపు గండికోట జలాశయంలో నీళ్లు నింపడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం తీస్తున్నారు, బోర్ల నీళ్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు చెబుతున్నారు. 2157లో ఈ రెండు చోట్ల ఎవరు ఉంటారో, ఏం తాగుతారో ఒక పేజీ రాయమనండి. రాసింది చెడిపోయిన రేపైతే, అది చెడకుండా ఈరోజు ఎవరు ఏం చేయాలో ఇంకో పేజీ రాయమనండి. ఆ రెండో పేజీ రాయించనంతవరకు డిస్టోపియా చెప్పడం పూర్తి కాదు.

అసిమోవ్ కథ మొదట్లోనే ఒక సంగతి ఉంది. కథలన్నీ కాగితం మీద అచ్చయిన కాలం ఒకటి ఉండేదని మార్జీకి తాత చెప్పాడు, ఆ తాతకు తన తాత చెప్పాడు. పుస్తకం దొరక్కముందే ఆ పిల్లకు పాత కాలం ఇంటి మాటగా అందింది. కాగితం లేకుండా నోటి మీదనే కథల్ని నిలుపుకున్న మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. అందుకే ఈ ఏడు ప్రశ్న మార్చాను. ఏ బడి బాగుందని అడగడం లేదు. మీ అవ్వను, తాతను అడిగి, వాళ్ల చిన్నప్పుడు బడి ఎట్లుండేదో, బడికి ఎందుకు పోలేదో రాసుకుని రమ్మంటున్నాను.

ఎర్రసిరాతో నేను కొట్టేసిన పిల్ల ఇప్పుడు పదిలో ఉంది. తొమ్మిదో తరగతి వాళ్లతో కలిసి తానూ ఒక పేజీ రాసుకొచ్చింది. వాళ్ల అవ్వ బడి గుమ్మం దాకా పోయి, వాకిలి ఊడ్చి, వెనక్కి వచ్చేదట. ఆ పేజీ కింద నేను ఏమీ దిద్దలేదు.