పేరు చెప్పాక

ఎవరో తెలియనంతకాలం అతను మంచివాడే. పేరు చెప్పాడు, శత్రువైపోయాడు. 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' అనే అమెరికన్ యానిమేషన్ ధారావాహికలో 'జుకో అలోన్' అనే భాగం కథ ఇదే. 2006 మేలో నికెలోడియన్ టీవీలో వచ్చింది. పిల్లల బొమ్మల కథే కదా అని తీసిపారేస్తే అస్తిత్వం గురించిన గట్టి ప్రశ్ననొకదాన్ని తీసిపారేసినట్టే.

అగ్నిరాజ్యం నూరేళ్ళుగా ప్రపంచం మీద యుద్ధం చేస్తోంది. ఆ రాజు ఓజాయ్ కొడుకు జుకో. సొంత సైనికులనే బలిపెట్టే పథకం తప్పన్నాడు. ఆ తర్వాత తండ్రే అతని మొహం కాల్చి పదమూడేళ్ళకే దేశం నుంచి వెళ్ళగొట్టాడు. ఇప్పుడు ఆకలితో, ఒంటరిగా, తన దేశం ధ్వంసం చేసిన భూరాజ్యంలో తిరుగుతున్నాడు. లీ అనే కుర్రాడు ఇంటికి తీసుకుపోతాడు. తల్లి సేలా పేరడుగుతుంది. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదంటాడు తండ్రి. అన్నం పెడతారు, కొట్టంలో పడుకోనిస్తారు.

మధ్యమధ్య అతని బాల్యం. తల్లి ఉర్సా ఒక రాత్రి నిద్రలేపి, నువ్వెవరో ఎన్నడూ మరచిపోకని చెప్పి మాయమవుతుంది. ఎవరతను? ఆమె కొడుకా, ఆ సింహాసనానికి వారసుడా? ఆమె చెప్పలేదు.

ఊరిని పీడించేది సొంత రాజ్యపు సైనికులే. లీని పట్టుకుపోతారు. సేలా వచ్చి ప్రాధేయపడితే జుకో వెళ్ళి పోరాడతాడు. ఓడిపోయే దశలో నిప్పుతో లేస్తాడు. అప్పుడు చెబుతాడు పేరు. తల్లి పేరు, తండ్రి పేరు, సింహాసనం అన్నీ కలిపి. ఊరు బిగుసుకుపోతుంది. దగ్గరికి రావద్దంటుంది సేలా. తనకిచ్చిన చాకును లీ తీసుకోనంటాడు. ఆ చాకు భూరాజ్యంలోనే తయారైంది. జుకోకు పెదనాన్న యుద్ధభూమి నుంచి పంపిన కానుక. తన దేశపు వస్తువే అయినా, ఇచ్చే చేయి శత్రువుది కాబట్టి పిల్లాడికది అక్కర్లేదు.

ఊరివాళ్ళది కృతఘ్నత అనేయడం తేలిక. నేనొప్పుకోను. లీ అన్నను ఇంటికి దూరం చేసింది ఆ రాజ్యం చేస్తున్న యుద్ధమే. జుకో కూడా ఉర్సా కొడుకునని చెప్పి ఊరుకోలేదు, రాజరికాన్ని కూడా చాటుకున్నాడు. వాళ్ళ భయం గాల్లోంచి పుట్టలేదు. అధికారంతో వచ్చిన పేరు వేరు, ఏ అధికారమూ లేనివాడి నెత్తిన లోకం రుద్దే పేరు వేరు. ఈ కథను ప్రతి బాధిత అస్తిత్వానికీ ప్రతీక చేసేవాళ్ళు ఆ తేడా చూడాలి.

అసలు విషాదం ఇంకోచోట ఉంది. గుంపులో ఒక ముసలాయనకు జుకో సంగతి తెలుసు. తండ్రే కాల్చి వెలివేశాడు కదా అంటాడు. జాలితో కాదు, ఎత్తిపొడుపుగా. ఆ ఇంటి పెద్దకొడుకును దూరం చేసిందీ, ఈ కొడుకు మొహం కాల్చిందీ ఒకే రాజు. ఆ రెండు గాయాలనూ ఎవరూ కలిపి చూడరు. జుకో కూడా చూడడు. కాల్చిన తండ్రి ఇచ్చే గౌరవమే అతనికింకా కావాలి.

2008లో ధారావాహిక ముగిసేలోగా అతను తండ్రిని ఎదిరించి నిలబడతాడు. ఆ ఇంటికి మాత్రం మళ్ళీ వెళ్ళడు. మనం ఎవరమో మరచిపోకపోవడం ఒకటి, ఆ ఎరుకతో ఎవరి పక్షాన నిలబడతామన్నది ఇంకొకటి. తల్లి మొదటిదే చెప్పగలిగింది. రెండోది అతను తనకు తానే తేల్చుకోవలసి వచ్చింది.