రంగు గాఢతకు కొలత

డ్యాబ్ (DAB) అనే రంగు వేసిన కణజాలపు స్లైడులో వెతుకుతున్న ప్రోటీన్ గోధుమరంగులో, కణకేంద్రకాలు హెమటాక్సిలిన్ అనే మరో రంగు వల్ల నీలంగా కనిపిస్తాయి. డిజిటల్ ఫొటోలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలుంటాయి. మామూలుగా ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. డ్యాబ్ నీలికాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి నీలం చానల్ విలువ పడిపోతుంది. ఆ విలువను ఖాళీ గాజు విలువతో భాగించి, లాగరిథమ్ తీసి, గుర్తు మారిస్తే గాఢత వస్తుంది. రెండు రంగులు ఒకేచోట కలిసిపోతే చానల్ ఒక్కటే చాలదు. వాటిని విడదీసే లెక్కను 2001లో రూయిఫ్రోక్, జాన్‌స్టన్ ప్రచురించారు. ఎంత చక్కని ఉపాయం!

అసలు నేర్పు మాత్రం లెక్కకు ముందే ఉంది. మంచి టెక్నీషియన్ ముందుగా ఖాళీ గాజును ఫొటో తీస్తారు, ఎక్స్‌పోజర్‌నూ వైట్ బ్యాలెన్స్‌నూ ఆటోలో వదలరు, స్లైడ్లన్నిటికీ ఒకే వెలుగు ఉంచుతారు. డ్యాబ్ రేణువులు కాంతిని చెదరగొడతాయి గనుక, ముదురు గోధుమను ప్రోటీన్ పరిమాణంగా ప్రకటించరు. ఆ నిగ్రహం మెచ్చదగినది.